విమానం వీపు

కిందటి వారం మనం ఫిన్నీ మాస్టారిని కొవ్వూరులో, ఆయన సొంత గుమ్మంలోనే, తలుపు సగం తెరిచి పట్టుకుని నిలబడి ఉండగా వదిలి వచ్చాం. ఎదురుగా మెట్ల మీద ఒక పెద్దాయన. ఒక చేతిలో పొడవాటి అట్ట గొట్టం, మరో చేతిలో గుడ్డ సంచి. "ఆ రోజు గుర్రప్పమెట్ట మీద కెమెరాతో ఉన్నది మీరేనాండీ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే, "నేను శ్రీదుర్గ నాన్ననండి," అన్నారు.

ఇరవై రెండు రోజులుగా ఆ పేరు వినని పూట లేదు. పాపికొండల మధ్య గోదావరి సన్నబడే గండిలో, తక్కువ ఎత్తున ఎగరడం నేర్పే శిక్షణ విమానం ఒకటి కూలిపోయింది. అందులో ఉన్నది ఇద్దరు. నేర్పుతున్నది శ్రీదుర్గ, ముప్పై రెండేళ్ళ అమ్మాయి, కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నేర్చుకుంటున్నవాడు కిరణ్ కుమార్, నరసాపురం కుర్రాడు, ఇరవై మూడేళ్ళవాడు. ఇద్దరూ పారాచూట్లతో బయటపడ్డారు. శ్రీదుర్గ వెన్నుపూస చితికి విశాఖపట్నం ఆసుపత్రిలో పడుకుని ఉంది. కిరణ్ పారాచూట్ పూర్తిగా విచ్చుకునేలోపే కొండ అడ్డం వచ్చింది. అతను బతకలేదు.

సొంత జిల్లా వాళ్ళకి గొప్ప చూపించుకోడానికి ఆవిడ విమానాన్ని నీళ్ళ దాకా దించిందనీ, కుర్రాణ్ణి పొట్టన పెట్టుకుందనీ టీవీలో, వాట్సాప్‌లో, రేవుల దగ్గర టీకొట్లలో ఒకటే మాట. ఆ అమ్మాయి మాత్రం విచారణ జరిపే అధికారులకు "విమానం నా చేతిలోనే ఉంది" అని తప్ప రెండో మాట చెప్పలేదు.

విమానం కూలిన ఆ కొద్ది క్షణాలూ పదకొండు ఫొటోలుగా ఫిన్నీ దగ్గర ఉన్నాయి. ఉన్నాయని అతని భార్య రెబెక్కాకు తప్ప ఎవరికీ తెలియదు. ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు, అనుమతి లేకుండా అడవిలోకి వెళ్ళి, సైనిక విమానాన్ని ఫొటో తీశాడంటే మెమోతో పోతుందో, కేసే అవుతుందో చెప్పగలిగినవాళ్ళు లేరు. చుట్టుపక్కల వాళ్ళ సాక్ష్యాలు వినే ఆఖరి రోజు రేపే, సోమవారం, రాజమండ్రిలో.

ఇక్కడ దాకా చెప్పుకున్నాం. ఇప్పుడు ఆ పెద్దాయన ఇంకా మెట్ల మీదే ఉన్నారు.

"నేను పిట్టల ఫొటోలు తీస్తానండి," అన్నాడు ఫిన్నీ. ఆ మాట నోట్లోంచి వస్తుంటేనే అతనికి సిగ్గేసింది. "విమానాలూ అవీ నాకేం తెలీదు."

"అలాగా." పెద్దాయన నొచ్చుకోలేదు. "పోలవరం దాటాక అడవి మొదట్లో పాపాయి అనే ఆవిడ టీ పెడుతుంది కదండీ. ఆవిడ చెప్పింది, కొవ్వూరు మాస్టారొకాయన బండి తన పాక పక్కన పెట్టి, బారెడు కెమెరా భుజానేసుకుని మెట్ట ఎక్కుతారని. విమానం పడ్డ రోజు కూడా ఎక్కారని. నాలుగు రోజుల్నించి కొవ్వూరులో మాస్టార్ల ఇళ్ళన్నీ తిరుగుతున్నానండి. మీది తొమ్మిదోది."

"ఏవండీ, ఆయన్ని ఎండలో నించోబెట్టి మాట్లాడతారేంటి?" అంటూ రెబెక్కా వెనకనించి వచ్చింది. చర్చి నుంచి అప్పుడే వచ్చిందేమో, ఇంకా ఆదివారం చీరలోనే ఉంది. "లోపలికి రండి సార్, కూర్చోండి."

ఆయన పేరు దక్షిణామూర్తి. కుర్చీ అంచు మీద కూర్చున్నారు, ఏ క్షణాన లేచి వెళ్ళిపొమ్మంటారో అన్నట్టు. అట్ట గొట్టం ఒళ్ళో పెట్టుకున్నారు. రెబెక్కా మంచినీళ్ళిచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఇన్నాళ్ళూ ఆ ఫొటోల ఊసెత్తితే చాలు, మనకెందుకండీ అని భర్త నోరు మూయించింది కూడా ఆమే. ఇప్పుడు మాత్రం ఫొటోల గురించి అడగలేదు.

"పాప కాళ్ళు కదుపుతోందాండీ?"

పెద్దాయన గ్లాసు కింద పెట్టారు. ఇన్ని రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమేనేమో. "ఎడం కాలి బొటనవేలు... నిన్న సాయంత్రం కాస్త కదిలిందమ్మా. డాక్టరుగారు నన్ను పిలిచి చూపించారు."

"కదిలిందంటే మంచి గుర్తేనండి. వేలు కదిలితే తర్వాత మడమ కూడా వస్తుంది."

అని ఆమె లోపలికి వెళ్ళింది. కుట్టుమిషను సొరుగు తెరిచిన చప్పుడు ఫిన్నీకి వినపడింది. వెనక్కి వచ్చి గోరంత మెమరీ కార్డుని బల్ల మీద, మొగుడి ఎదురుగా పెట్టింది.

"దీన్ని ఇంట్లో పెట్టుకున్నకాడ్నించి ఈయన సరిగ్గా అన్నం తింటే ఒట్టండి," అంది దక్షిణామూర్తి గారితో. "నాకూ భయమే. ఇద్దరు పిల్లల్ని చదివించుకోవాలి. కానీ మీరు నాలుగు రోజులు తొమ్మిదిళ్ళు తిరిగారు."

ఫిన్నీ కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టాడు. తెరుచుకోడానికి కాస్త టైం పట్టింది. ఆ ఖాళీలో పెద్దాయన మెల్లగా అడిగారు.

"కోప్పడకండి, తెలీక అడుగుతున్నా. విమానాల్ని ఫొటో తీయడానికి అంతంత దూరం, అంతంత ఎత్తుకి ఎందుకండీ? ఇంటి డాబా మీంచి కనపడవా?"

ఈ ప్రశ్నకి ఫిన్నీ ఏళ్ళ తరబడి మనసులోనే జవాబు చెప్పుకుంటున్నాడు. పైకి చెప్పమని అడిగినవాళ్ళే లేరు.

"డాబా మీంచి చూస్తే విమానం పొట్ట కనపడుతుందండి. అందరూ చూసేది అదే. గండిలోకి దిగిన విమానాన్ని మెట్ట మీంచి చూస్తే మనం పైన ఉంటాం, అది కింద ఉంటుంది. దాని వీపు కనపడుతుంది. రెక్కల మీద నీడలు, అద్దాల కింద తలలు. నడిపే మనిషి మెడ ఎటు తిప్పాడో కూడా తెలుస్తుంది." ఒక్క క్షణం ఆగాడు. "చప్పుడు వెనకాల వస్తుందండి. ముందు కోతులు అరుపు మానేస్తాయి. అంతే, ఇక కెమెరా కంటికి ఆనించాల్సిందే. అయిదు సెకన్లో, ఆరో. నెలకి రెండుసార్లు సెలవు రోజున వెళ్తే ఏ మూడు నెలలకో ఒక్కసారి దొరుకుతుంది. చిన్నప్పట్నించీ విమానాల బొమ్మలే వేశానండి, పలక మీద. వీపు ఎలా ఉంటుందో తెలీక ఎప్పుడూ కింది భాగమే వేసేవాణ్ణి."

దక్షిణామూర్తి గారు నవ్వారు. ఆ ఇంట్లోకి వచ్చాక మొదటిసారి. "మా దుర్గ కూడా పలక మీద విమానాలే వేసేదండి. రెక్కలు మాత్రం కొంగ రెక్కల్లా ఉండేవి."

తెర మీద ఫొటో వచ్చింది.

కొండ వాలు ముదురాకుపచ్చగా ఉంది. దాని ముందు బూడిద రంగు విమానం ముక్కు పైకెత్తి లేస్తోంది. తరవాతి ఫొటోలో దాని ఎదురుగా చెదిరిన తెల్లటి చుక్కలు. ఫిన్నీ పెద్దది చేశాడు. చుక్కలు కొంగలయ్యాయి. ఇరవయ్యో ముప్పయ్యో, గుంపంతా ఒక్కసారి లేచి విమానానికి అడ్డంగా. ఎనిమిదో ఫొటోలో విమానం ఇంజను దగ్గర నారింజ మంట. తొమ్మిదో దాంట్లో నల్లటి పొగ. పదోది ఫిన్నీ చూపించేటప్పుడు, కిరణ్ కొండకి తగిలిన మూలని వేలితో మూసేశాడు. పదకొండోదానిలో ఆకాశంలో ఒకే ఒక్క పారాచూట్ ఉంది.

పెద్దాయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"కొంగలు," అన్నారు. "మాస్టారూ, కొంగలండీ! విమానంలో నేరం లేదు, మా దుర్గ చేతిలో నేరం లేదు. పిట్టలు వచ్చి పడితే మనిషేం చేస్తుందండీ! ఇది చూపిస్తే చాలు. రేపు పొద్దున్న ఇది చూపిస్తే..." చప్పున ఆగారు. తెర కిందిభాగంలో ఉన్న అంకెల మీద ఆయన చూపు నిలిచింది.

"ఇందాక మొదటగా చూపించింది ఆరోది అని ఉంది కదండీ. ముందువి అయిదూ ఏవి?"

ఫిన్నీ రెబెక్కా వంక చూశాడు. "అవి సరిగా రాలేదండి. చెయ్యి కదిలింది."

"మాస్టారూ," పెద్దాయన గొంతు ఏమీ పెరగలేదు. "నేను ధవళేశ్వరంలో ముప్పై నాలుగేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశానండి. కాలవల ప్లాన్లు, గట్ల ప్లాన్లు. కట్టలో ఒక షీటు లేకపోతే మిగతావన్నీ ఉన్నా లేనట్టే లెక్క. చెయ్యి కదిలినవైనా సరే, చూపించండి."

చూపించక తప్పింది కాదు.

అయిదూ అద్దంలా ఉన్నాయి. అతను జీవితంలో తీసిన వాటిల్లో అంత బాగా కుదిరినవి లేవు. గండి అడుగున, నది మీదుగా, విమానం వీపు పరుచుకుని వస్తోంది. రెండు రెక్కలూ, వాటి మీద కొండ నీడా, అద్దం కింద రెండు తెల్లటి హెల్మెట్లూ. ఎవరికైనా నోట మాట రాకుండా చేసే ఫొటోలు.

"మీరు మెట్ట మీద ఎక్కడ కూర్చున్నారండీ?"

"పైనించి మూడో బండ దగ్గర. రాయి ముందుకి పొడుచుకొచ్చి అరుగులా ఉంటుంది."

దక్షిణామూర్తి గారు అట్ట గొట్టం మూత తీశారు. లోపలినుంచి పాత సర్వే పటం బయటికి వచ్చింది. బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు వస్తువులు పెట్టారు. గ్లాసు, కళ్ళజోడు పెట్టె, రెబెక్కా ఇచ్చిన బైబిలు, ఫిన్నీ సెల్‌ఫోను. కొండల మీద ఎత్తులు చూపే సన్నటి గోధుమరంగు గీతల మధ్య ఆయన వేలు నడుస్తూ పోయి ఒకచోట ఆగింది.

"ఇదిగో మీ బండ. నది నీళ్ళ మీద మూడొందల ఎనభై మీటర్లు. విమానం పొడుగు ఎంతో మీకు తెలుసు కదా? ఏ లెన్స్ వాడారు?"

చెప్పాడు. విమానం అసలు పొడుగెంతో తెలిసి, ఫొటోలో అది ఎంత జాగా ఆక్రమించిందో తెలిస్తే, ఎంత దూరంలో ఉందో లెక్క కట్టొచ్చు. దాని వెనకాల అవతలి ఒడ్డున కనపడే బండ ఏదో పటంలో పట్టుకుంటే, చూపు ఎంత కిందికి వంగిందో తెలుస్తుంది. ఫిన్నీ ఇవన్నీ సగం సగం అర్థం చేసుకున్నాడు. పెద్దాయన సంచిలోంచి స్కేలు, పెన్సిలు తీశారు. రెబెక్కా వంటింట్లో పొయ్యి మీది అన్నం మాట మర్చిపోయి అలాగే నిలబడింది.

వాళ్ళమ్మాయి ఎంత కిందికి దిగిందో, తండ్రి పెన్సిలుతో కొలుస్తున్నాడు.

ఒకసారి లెక్క వేశారు. కొట్టేశారు. మళ్ళీ వేశారు. రెండోసారీ అదే వచ్చింది. దాని కింద రెండు గీతలు గీశారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు తేలిన అంకె కింద అలాగే గీసేవారు కాబోలు.

"నూట డెబ్బై అయిదు మీటర్లు," అన్నారు. "వాళ్ళకి పెట్టిన హద్దు మూడొందలు. అంతకి తక్కువ రాకూడదు. ఆ మాట దుర్గే నాకు చెప్పింది, సెలవలకి వచ్చినప్పుడు."

వంటింట్లోంచి మాడు వాసన వస్తే రెబెక్కా పరుగున వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చింది.

"మా అమ్మాయి హద్దు దాటదని వీధివీధికీ వెళ్ళి చెప్పానండి," అన్నారు పెద్దాయన. "గుళ్ళో చెప్పాను. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకి చెప్పాను."

ఫిన్నీ లాప్‌టాప్ మూయబోయాడు. "సార్, నా మాట వినండి. ఆరో నంబరు నించి ఇస్తాను. కొంగలు కనపడతాయి. మంట కనపడుతుంది. ఆవిడ విమానాన్ని పైకి లాగుతున్నట్టు కూడా కనపడుతుంది. ముందువి ఉన్నాయని ఎవరికీ తెలీదు. నేను తీసేస్తాను. ఇప్పుడే, మీ ఎదురుగానే."

"వద్దండి."

"అవి చూస్తే ఏమంటారో తెలుసాండీ? కిందికి దిగబట్టే కొంగల్లో పడిందంటారు. టీవీ వాడు చెప్పిందే నిజమంటారు. ఉద్యోగం పోతుంది, ఆ కుర్రాడి చావు ఆవిడ తల మీద పడుతుంది. నా ఉద్యోగం పోతే పోయింది, ఆవిడకి మేలు జరుగుతుందనే కదా నేను ఇవ్వడానికి ఒప్పుకుంటున్నా! చెడు చేసేదానికి నేనెందుకు ఇవ్వాలి?"

"తుంచి ఇచ్చింది సాక్ష్యం అవదు మాస్టారూ."

"మీ కూతురండీ ఆవిడ!"

"అందుకేనండి." పెద్దాయన స్కేలు, పెన్సిలు తిరిగి సంచిలో పెట్టారు. "రేపు అది లేచి నడిచినా, నడవకపోయినా, మా నాన్న నా కోసం ఐదు కాగితాలు దాచాడని తెలిస్తే నా మొహం చూస్తుందాండీ? దాన్ని నేను అలా పెంచలేదు. అదే నాకు ఇప్పుడు కష్టమైపోయింది."

ఫిన్నీ తల వంచుకున్నాడు. అయినా చెయ్యి లాప్‌టాప్ మీదినుంచి తీయలేదు.

"ఆవిణ్ణే అడగండి," అంది రెబెక్కా. ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. "ఫొటోలు ఉన్నాయని ఆవిడకి తెలీదు కదా. ఉంచాలో తీసెయ్యాలో మీరిద్దరూ తేల్చేసుకుంటే ఎలా? మాట్లాడగలుగుతోందిగా, ఫోన్ చెయ్యండి."

ఆసుపత్రిలో ఫోనెత్తింది తల్లి అమ్మణ్ణి. కూతురి చెవి దగ్గర పెట్టింది. దక్షిణామూర్తి గారు స్పీకరు నొక్కి పటం మీద పెట్టారు, నది గీత మీద.

"దుర్గా, నేనమ్మా. కొవ్వూరులో ఉన్నాను. ఇక్కడ ఫిన్నీ మాస్టారని ఒకాయన... ఆ రోజు మెట్ట మీద ఉన్నారు. ఫొటోలు తీశారు. అన్నీ ఉన్నాయి."



"ఎక్కడినించి ఉన్నాయి నాన్నగారూ?" నీరసంగా ఉంది గొంతు, కానీ స్పష్టంగా ఉంది.

"నది మీదికి దిగిన దగ్గరినించి. కొలిచాను. నూట డెబ్బై అయిదు."

"సరిగ్గానే కొలిచారు." చిన్నగా నవ్వినట్టనిపించింది. తరవాత ఆ నవ్వు లేదు. "అవి ఎవరికీ ఇవ్వొద్దని చెప్పండి. ఆయన్ని బతిమాలండి. ఒక్కటి కూడా ఇవ్వొద్దు, కొంగలున్నవి కూడా."

ఫిన్నీ నిర్ఘాంతపోయాడు. ముందుకి వంగి, "అమ్మా, నేను ఫిన్నీని. కొంగలు తగిలినట్టు కనపడుతోందమ్మా. మీకు మంచే జరుగుతుంది," అన్నాడు.

"నాకు జరగనక్కర్లేదండి. అవి చూస్తే ఎవరు దించారని అడుగుతారు. ఎన్ని సెకన్లు, ఏ వంపున అని కొలుస్తారు. మా వాళ్ళకి అది చూస్తే తెలిసిపోతుంది, చెయ్యి ఎవరిదో. ఒక్కో చెయ్యి ఒక్కోలా తిప్పుతుంది, రాతలాగే." ఆగింది. "దించింది నేను కాదు."

దక్షిణామూర్తి గారు బల్ల అంచు పట్టుకున్నారు.

"కిరణ్ దించాడు నాన్నగారూ. ఒక్కసారి దిగి వెళ్దాం మేడమ్ అని అడిగాడు. వద్దన్నాను. రెండోసారి అడగలేదు, దించేశాడు. ఆ రోజు వాళ్ళమ్మ నది మీద ఉంది. చర్చి వాళ్ళతో కలిసి లాంచీలో పాపికొండలు చూడ్డానికి వచ్చింది. పదింటికి పైకి చూడమని ముందురోజే ఫోన్లో చెప్పాడట. దిగేటప్పుడు చెప్పాడు నాకు, నవ్వుతూ. నేను కంట్రోల్స్ లాక్కుని పైకి ఎత్తాను. ఎత్తబట్టే కొంగల్లోకి వెళ్ళాం. అక్కడే కిందే ఉండి ఉంటే అవి మా పైనించి పోయేవేమో. రోజూ అదే ఆలోచిస్తున్నాను."

"అలా అనకమ్మా..."

"వాళ్ళమ్మకి ఇప్పుడు నా మీద కోపం ఉంది. ఆ కోపం పట్టుకుని నిలబడి ఉంది. వాడు తన కోసమే దిగాడని తెలిస్తే, రేపట్నించి ఆవిడ దేన్ని పట్టుకుని నిలబడుతుంది? నన్ను తిట్టనివ్వండి. నేను ఎలాగూ పడుకునే ఉన్నానుగా."

ఫోను అమ్మణ్ణి చేతిలోకి మారింది. కూతురు అలసిపోయిందనీ, సూది వేయడానికి వచ్చారనీ ఏడుపు గొంతుతో చెప్పి పెట్టేసింది.

కాసేపటికి ఫిన్నీ, ఏదో తోచినట్టు, మూడో ఫొటో మళ్ళీ తెరిచాడు. ఇన్నాళ్ళూ అతని కళ్ళు విమానం దాటి పోలేదు. ఇప్పుడు ఫొటోని జరుపుతూ జరుపుతూ కింది మూలకి వెళ్ళాడు. నది మీద తెల్లటి లాంచీ. పైకప్పు మీద రంగురంగుల చీరలతో ఆడవాళ్ళు, చప్పుడుకి భయపడి చెవులు మూసుకుని వంగిపోయి ఉన్నారు. వాళ్ళ మధ్య ఒక్కావిడ మాత్రం లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, తల వెనక్కి వాల్చి విమానం వైపే చూస్తోంది.

ఆవిడ ఎవరో ఎవరూ అడగలేదు. కిరణ్ తల్లి సువార్తమ్మ. నరసాపురంలో లేసులు అల్లుకుంటూ ఒక్కతే కొడుకుని చదివించిన మనిషి. రెండు వారాల కిందట టీవీలో, "నా బిడ్డని ఆ మేడమే చంపింది," అని గుండెలు బాదుకుంటే రాష్ట్రమంతా చూసింది.

"ఆవిడ కూడా రేపు రాజమండ్రిలో సాక్ష్యం చెప్తుందండి," అన్నారు పెద్దాయన. "పేపర్లో వేశారు."

ఫిన్నీ లాప్‌టాప్ సంచిలో పెట్టాడు. "నరసాపురం వెళ్తాను. నిడదవోలులో మూడున్నరకి బండి ఉంది."

"వెళ్ళి ఏం చెప్తారు?"

"తెలీదండి. ఆవిణ్ణి చూడకుండా మాత్రం ఇవి ఇవ్వనూ లేను, చెరపనూ లేను. దాచినా ఇచ్చినా అది ఆవిడ కొడుకు సంగతి కదండీ. మన ముగ్గురం కూర్చుని తేల్చేస్తే ఎలా?"

"మీరొక్కరూ వద్దు, నేనూ వస్తాను," అంది రెబెక్కా, చెప్పులు వేసుకుంటూనే. "ఇలాంటి మాట మగాళ్ళు వెళ్ళి గుమ్మంలో నిలబడి చెప్పేది కాదు."

దక్షిణామూర్తి గారు పటం చుట్టి గొట్టంలో పెట్టుకున్నారు. తనూ వస్తానని అనలేదు. శ్రీదుర్గ తండ్రిగా ఆ ఇంటి గడప తొక్కే మొహం తనకి లేదన్నారు. ఫిన్నీ చేతులు పట్టుకుని ఒక్క మాట మాత్రం చెప్పారు. "కొడుకు ఎలా పోయాడని ఆవిణ్ణి అడక్కండి. ఎలా ఉండేవాడని అడగండి."

మోటార్‌సైకిలు మీద నిడదవోలు చేరేసరికి మూడు దాటింది. ప్లాట్‌ఫాం మీద ఆదివారం రద్దీ. నరసాపురం నుంచి వచ్చిన బండి అప్పుడే ఆగి, జనం దిగుతున్నారు. అదే బండి తిరిగి వెనక్కి వెళ్తుందన్నారు. ఫిన్నీ టికెట్లకని వెళ్ళాడు. రెబెక్కా లాప్‌టాప్ సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది.

ఆమె పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. తెల్ల నేత చీర, చేతిలో చిన్న బట్టల సంచి. ఏడ్చి ఏడ్చి కళ్ళకింద చర్మం నల్లబడిపోయింది. టికెట్లు పట్టుకుని తిరిగొస్తున్న ఫిన్నీ, నాలుగడుగుల దూరంలో ఆ మొహం చూసి ఆగిపోయాడు.

అప్పటికే ఆవిడ రెబెక్కా మోచేయి మీద చెయ్యి వేసింది.

"అమ్మాయ్, రాజమండ్రి బండి ఏ ప్లాట్‌ఫామమ్మా? రేపొద్దున్న మా బాబు గురించి ఆఫీసర్లకి చెప్పాలి. ఒక్కదాన్నే వచ్చాను." రెబెక్కా కట్టుకున్న ఆదివారం చీర, మెళ్ళో చిన్న సిలువ చూసి, గొంతు తగ్గించింది. "ఎవరికీ చెప్పలేదమ్మా, నీకు చెప్తున్నా. రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు. ఆ మేడమ్‌ది తప్పని టీవీలో చెప్పాను కదా... అది నిజం కాదేమోనమ్మా."